మూడు విడతలుగా వేసిన పొడి

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసినన్నాళ్లూ ల్యాబు పుస్తకంలో పేజీని నేను ప్రయోగం అయ్యాక రాయలేదు. ముందురోజు సాయంత్రమే ఇంట్లో కూర్చుని రాసుకునేదాన్ని. ఏది ఎంత, ఏది ముందు, ఏది తర్వాత, అన్నీ. పొద్దున దాన్ని చూసుకుంటూ చేస్తే ఎవరినీ ఏమీ అడిగే పనుండదు. నలుగురిలో ఒక ప్రశ్న అడగడం కంటే నాలుగు పేజీలు రాయడం నాకు సులువు.

మాది చౌటుప్పల్ అవతల నేతపనివాళ్ల ఊరు. నల్లగొండలో యూనివర్సిటీకి రోజూ బస్సు. సీటు దొరికిన రోజు డైరీ రాసుకునేదాన్ని, దొరకని రోజు మనసులోనే రాసుకునేదాన్ని.

ల్యాబులో నాకిచ్చిన పని పేరు పెద్దది: నీళ్లలో ఎంజైముతో సెమీకండక్టర్ నానో స్ఫటికాలు తయారు చేయడం. మామూలుగా వీటికి నూనెలాంటి ద్రావకాలు, దగ్గరికి పోలేనంత వేడి కావాలి. మాకు మాత్రం నీళ్లు, జ్వరం లేని మనిషి ఒంట్లో ఉండేంత వెచ్చదనం చాలు. నీళ్లలో కాడ్మియం లవణం, కొంచెం ఎంజైము, సిస్టీన్ అనే తెల్లటి పొడి. ఎంజైము ఆ పొడిలోంచి గంధకాన్ని కొద్దికొద్దిగా విడదీస్తుంది. అది కాడ్మియంతో కలిసి, కంటికి కనపడని రేణువులవుతుంది. రేణువులు చిన్నగా, సమంగా ఉంటే యూవీ లైటు కింద వెలుగుతాయి. గబగబా పెరిగితే ఒకదానికొకటి అతుక్కుని పసుపుపచ్చ మడ్డిలా అడుగున కూర్చుంటాయి.

మొదటి ఆరుసార్లు, ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న అక్క పక్కన నిలబడి చేయించింది. అక్కది మహబూబ్‌నగర్ దిక్కు, గొంతు పెద్దది. "పొయ్యి, పొయ్యి, ఏం సూస్తున్నవ్?" అనేది. ఆరుసార్లూ మడ్డే. ఏడోసారి అక్క రాలేదు. ఒక్కదాన్నే చేసి, సీసాను లైటు కింద పెట్టి, నల్లగుడ్డ కప్పుకుని చూశాను.

వెలుగుతోంది. లేత చిలకపచ్చగా, సీసా నిండా.

గ్లౌజులు తీసి బయటికి పోయి, చేతులు కడుక్కుంటున్నట్టు నల్లా పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో గట్టిగా నవ్వాను.

మా ప్రాజెక్టు గైడు మేడం సీసా చూసి, నా పేజీని అక్కకిచ్చి, అందులో ఉన్నది ఉన్నట్టు చేయమన్నారు. అక్క రెండుసార్లు చేసింది. రెండుసార్లూ మడ్డే.

"ఏం పిల్లా, సీసల మిణుగురు పురుగును గిట్ల ఏసినవా?" అంది అక్క.

మేడం నవ్వలేదు. "ఒక్కరి చేతిలోనే వస్తే దాన్ని ఫలితం అనలేమమ్మా. సోమవారం ఇంకోసారి చూద్దాం. రాకపోతే నీ రిపోర్టులోంచి అది తీసేద్దాం."

అది తీసేస్తే నా రిపోర్టులో మిగిలేవి ఆరు మడ్డి సీసాలు.

ఆదివారం ఇంట్లో బాపు రంగు వేస్తున్నాడు. నూలును సైకిల్ ట్యూబు ముక్కలతో అక్కడక్కడ బిగించి కట్టి, కట్టని చోట మాత్రమే రంగెక్కేలా ముంచడం మా ఇంటి పని. చిన్నప్పటి నుంచీ ఉప్పు వేసేది నేనే. రంగు నీళ్లలో నూలు తిప్పుతూ బాపు "ఊఁ" అంటాడు, వేస్తాను. కొంతసేపటికి మళ్లీ "ఊఁ". మొత్తం మూడుసార్లు. ఒకేసారి వేస్తే రంగు నూలు మీదికి ఉరికి మచ్చలు పడతాయి. ఆ రోజు మొదటిసారి ఉప్పు వేశాక నా చేయి దానంతటదే ఆగింది. ఆ చేతి వైపే చూస్తూ నిలబడిపోయాను.

"ఏమైంది బిడ్డా, ఏ లోకంల ఉన్నవ్?"

"బాపూ, నేను ఆడ గూడ గిట్లనే ఏసిన."

"ఏడ?"

"ల్యాబుల. పొడి మూడుసార్ల ఏసిన. పుస్తకంల ఒక్కసారే అని ఉంది."

బాపు నూలు తిప్పడం ఆపలేదు. "మరి పోయి చెప్పు. నీ చెయ్యి చేసింది ఒకటి, కాయితం మీద ఉన్నది ఒకటి అయితే అవతలోల్లకు ఎట్ల తెలుస్తది? ముందు గా ఉప్పెయ్యి, మచ్చలు పడ్తయ్!"

సోమవారం బస్సులో చెప్పాల్సిన మాటలు ఎన్నిసార్లు వల్లించుకున్నానో. మేడం గదిలోకి పోయాక "మేడం, పేజీ తప్పు" అన్నంతవరకే నోరు పెగిలింది. మిగతాది చీటీ మీద రాసిచ్చాను.

మేడం చదివి తలెత్తారు. "మరి ముందు ఆరుసార్లు?"

"అప్పుడు అక్క ఉండె మేడం. భయానికి అంతా ఒక్కసారే పోసిన."

మేడం కుర్చీ వెనక్కి వాలి కళ్లు తుడుచుకునేంత నవ్వారు. "అంతా ఒకేసారి దొరికితే ఎంజైము ఆబగా తింటుందేమో. విడతలుగా పెడితే నింపాదిగా తింటుంది. చేసి చూద్దాం." పేజీలో అలా ఎందుకు రాశానని అడగలేదు. ముందురోజే రాసేస్తానని నేనూ చెప్పలేదు. నా చేతే ఆ వాక్యం కొట్టేయించి, కింద సరైనది రాయించి, పక్కన సంతకం పెట్టారు.

అక్క పొడి పట్టుకుని నిలబడింది. నేను గడియారం చూస్తూ "ఊఁ" అన్నాను.

"ఏందే, బర్రెను అదిలించినట్టు అదిలిస్తున్నవ్?" అంటూనే మూడోవంతు వేసింది. ఆగింది. మళ్లీ "ఊఁ". మళ్లీ ఆగింది.

మధ్యాహ్నానికి ఒకే నల్లగుడ్డ కింద అక్క తల, నా తల. చిలకపచ్చ. అక్క వేసిన కేకకు వరండాలో నడిచే వాళ్లంతా ఆగి లోపలికి తొంగిచూశారు. మేడం పరుగున వచ్చి తానూ గుడ్డలోకి దూరి చూసి, శుక్రవారం డిపార్ట్‌మెంటులో అందరి ముందు దీన్ని నన్ను వివరించమన్నారు.

మేడం పోగానే నేను అక్క చేయి పట్టుకున్నాను. "అక్కా, నా బదులు నువ్వు చెప్పవా?"

అక్క గ్లౌజులు తీసి చెత్తడబ్బాలో వేసి నా వైపు తిరిగింది.

"నేనెందుకు చెప్తనే? చేసింది నువ్వు. వెనక బెంచి దాక వినపడాలె, జర గట్టిగ చెప్పు."