తొలి ఏడుగురిలో ఓబులేసు

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో నన్ను ప్రొద్దుటూరుకు స్టాఫ్ రిపోర్టర్‌గా వేశారు. మునిసిపాలిటీ, పోలీసు స్టేషను, బంగారం అంగళ్ల గొడవలు, అన్నీ నా పనే. వాటితో పాటు కబడ్డీ కూడా నా నెత్తినే పడింది. చదువుకునే రోజుల్లో జమ్మలమడుగు జట్టుకు కొన్నాళ్లు ఆడానని ఎవరో మా బ్యూరో చీఫ్‌కు చెప్పడమే దానికి కారణం. ప్రొఫెషనల్ కబడ్డీ లీగ్ అప్పటికే ఇంటింటి టీవీలోకీ వచ్చేసింది. సీజన్ మొదలవకముందే మన జట్టు తొలి మ్యాచ్‌లో బరిలోకి దిగే ఏడుగురు ఎవరో అంచనా కట్టి రాయడం మా పత్రికలో ఆనవాయితీ. పేరుకే అంచనా. మావైపు పాఠకులు దాన్ని కోచ్ సంతకం పెట్టిన కాగితం లాగే చదివేవారు.

ఆట తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. రైడర్ కూతకు వచ్చినప్పుడు ఎదుటి జట్టు వరసగా నిలబడుతుంది. ఎడమ చివర ఉండేవాడు ఎడమ కార్నర్. రైడర్ మడమ దొరకబుచ్చుకోవడం అతని పని. అతని పక్కనున్నవాణ్ణి ‘ఇన్’ అంటారు. ఈ ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని కదలాలి. చాలామంది విలేకరులు పోయినేటి పాయింట్లు ముందు పెట్టుకుని ఎక్కువున్న ఏడుగురిని రాసిపారేస్తారు. అది శుద్ధ దండగ పని. కోచ్ ఏడుగురిని ఎంచుకోడు, జతలను ఎంచుకుంటాడు. అందుకని నేను జట్టు సాధన శిబిరానికి వెళ్తే రైడ్లు చూసేవాణ్ణి కాదు, చేతులు చూసేవాణ్ణి. రోజూ పొద్దున ఎవరి చేయి ఎవరు పట్టుకుంటున్నారో గమనిస్తే సగం జాబితా దానంతటదే తయారవుతుంది.

ఆ ఏడు మావాడొకడు జట్టులోకి వచ్చాడు. వేముల దగ్గరి పల్లె, గొర్రెలు కాచే ఇల్లు, పేరు ఓబులేసు, ఆడేది ఎడమ కార్నర్. మా ప్రాంతం నుంచి లీగ్‌కు వెళ్లిన మొదటివాడు కావడంతో పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా ఫ్లెక్సీలు లేచాయి. నేను శిబిరానికి వెళ్లి చూశాను. పట్టు అదిరిపోయింది, అబద్ధమెందుకు. అయితే ఎడమ ‘ఇన్’లో నిలబడేది కెప్టెన్. పక్కన పాత సీనియర్ కార్నర్ ఉన్నప్పుడు కెప్టెన్ తల తిప్పేవాడు కాదు, రైడర్ మీదే కన్ను. ఓబులేసు ఉన్నప్పుడు మాత్రం కూత మొదలయ్యే ముందు ఒక్కసారి పక్కకు చూసేవాడు. మంచి రైడర్‌కు ఆ ఒక్క చూపు చాలు, బోనస్ గీత దాటి పాయింటు కొట్టేసి పోతాడు. నా జాబితాలో ఎడమ కార్నర్‌గా సీనియర్ పేరే రాశాను. ఓబులేసు ఎనిమిదోవాడని కింద ఒక వాక్యం చేర్చాను.

రాష్ట్రమంతటా వెళ్లే క్రీడల పేజీ ప్రధాన కార్యాలయంలో తయారవుతుంది. దానిలో నా జాబితా ఉన్నదున్నట్టే వచ్చింది. జిల్లా పేజీలు వేరు. అక్కడి డెస్క్ ఇన్‌చార్జి తన ప్రాంతానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఆయన సీనియర్‌ను తీసేసి ఓబులేసును పెట్టి, పైన నా పేరు వేశాడు. ప్రొద్దుటూరులో మనుషులు చదివేది జిల్లా పేజీనే.

ఆ సంగతి నాకు తెలిసింది తప్పెట్ల మోత విన్నాక. శిబిరానికి నాలుగు రోజులు విరామమిస్తే ఇంటికొచ్చిన ఓబులేసును ఊరేగింపుగా తీసుకొచ్చి శాలువా కప్పారు. దాన్నంతా ముందుండి నడిపింది బంగారం అంగడి రంగయ్య శెట్టి. నన్ను చూసి కావలించుకున్నంత పని చేశాడు.

“మామా, భలే రాసినావు! ఇంగ ఆ గవుర్మెంటు ఉద్యోగం యాల? వద్దంటాండాడు మావోడు.”

ఓబులేసుకు స్పోర్ట్స్ కోటాలో గుంతకల్లులో ఉద్యోగం వచ్చిన మాట నాకు తెలుసు. మొదటి ఏడాది లీగ్ ఆడటానికి సెలవు ఇచ్చేది లేదని అక్కడి అధికారులు ముందే చెప్పారు. చేరడానికి గడువు ఆ వారంతోనే సరి. తొలి ఏడుగురిలో ఉంటాననే నమ్మకంతో, అదీ నా పేరు మీద వచ్చిన వార్త చూసి, అతను దాన్ని వదులుకుంటున్నాడు.

ఇన్‌చార్జికి ఫోన్ చేసి సవరణ వేయమన్నాను. ఆయన నవ్వాడు. “అంచనాకు సవరణ ఏందయ్యా? ఊరంతా సంతోషంగా ఉంటే నీకేం నొప్పి?” అన్నాడు. ఒళ్లు మండిపోయి నాలుగు మాటలు అని ఫోన్ పెట్టేశాను. మర్నాడు పులివెందుల బస్సెక్కి వేముల చేరి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ల పల్లెకు వెళ్లాను.

ఓబులేసు తల్లి లక్ష్మక్క దొడ్డి ముందర గొర్రెలకు నీళ్లు పెడుతోంది. కొడుకు మంచం మీద కూర్చున్నాడు. అచ్చయింది నేను రాసింది కాదని చెప్పాను. అతను లేచి నిలబడ్డాడు.

“ఏంది సార్ ఇది? నువ్వే రాసి నువ్వే కాదంటాండావే! శాలువా కప్పించుకున్నోణ్ణి, ఇప్పుడు యాడికి పోవాల?”

చేతుల సంగతి చెప్పాను. కెప్టెన్ చూపు సంగతి చెప్పాను. నా మాట వింటే ఉద్యోగంలో చేరమని కూడా చెప్పాను. అతను తలొంచుకుని, “చూస్తాడు సార్. ప్రతి కూతకూ నా తట్టు చూస్తాడు. నాకూ తెలుసు” అన్నాడు.

లక్ష్మక్క బకెట్ కింద పెట్టి, “చేరు నాయనా. శాలువా మళ్లా కప్పుతార్లే, ఉద్యోగం మళ్లా ఇస్తారా? ఈ అప్ప ఇంత దూరం వచ్చి చెప్తాండాడంటే ఊరికే చెప్తాడా” అంది. నా మీద ఆమెకున్న ఆ నమ్మకం నన్ను కాస్త భయపెట్టింది.

గడువు ముగిసేలోగా ఓబులేసు గుంతకల్లులో చేరాడు. ఒప్పందం వదులుకుంటానంటే జట్టువాళ్లు పెద్దగా అడ్డుపడలేదు. తొలి ఏడుగురిలో ఉండేవాణ్ణి ఎవరూ అంత సులువుగా పోనివ్వరు. నా లెక్క సరైనదేనని నాకు అప్పుడే తెలిసింది.

తొలి మ్యాచ్ శెట్టి అంగట్లో టీవీ ముందు కూర్చుని చూశాం. ఏడుగురి పేర్లూ తెర మీదికి వచ్చాయి. ఒక్కటీ తప్పకుండా నేను మొదట రాసి పంపినవే. ఎవరూ నా వైపు మెచ్చుకోలుగా చూడలేదు సరికదా, “మావోడు పారిపోయినాడు కాబట్టి ఆ ముసలోణ్ణి దింపినారు. నువ్వు మాత్రం కరెక్టుగా రాసినావులే మామా” అని శెట్టి నన్ను ఓదార్చాడు. ఓబులేసు జట్టులోనే ఉండి ఉంటే ఏమయ్యేదో తేల్చే దారి లేకుండా చేసింది నేనే కదా.

రెండో సగంలో సీనియర్ కార్నర్ మోకాలు మడతపడింది. ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకుపోయారు. ఓబులేసు స్థానంలో తీసుకున్న కొత్త కుర్రాడు లోపలికి వచ్చాడు. రెండో రైడ్‌కే మడమ పట్టేశాడు. కెప్టెన్ పక్కకు చూస్తూనే ఉన్నాడు, అయినా పట్టాడు. ఆ సీజన్ చివరిదాకా ఆ చోటు అతనిదే అయింది.

మ్యాచ్ అయిపోగానే గుంతకల్లు నుంచి ఫోన్ వచ్చింది.

“చూసినారా సార్?”

“చూసినా ఓబులేసూ.”

“ఆ పిల్లోడు నిలబడింది నా జాగాలోనే గదా?”

అవునన్నాను.

“శానా బాగ పట్టినాడు సార్,” అని ఫోన్ పెట్టేశాడు.

రిటైరయ్యేదాకా ఏటా ఆ జాబితా రాస్తూనే వచ్చాను. చాలాసార్లు సరిపోయింది. కాకపోతే అది మొదటి విజిల్ ఊదేవరకే పనికొస్తుంది. ఆ తర్వాత ఎవరి మోకాలు మడతపడుతుందో, ఎవరికి చోటు దొరుకుతుందో చెప్పే విద్య నా దగ్గర లేదు. తర్వాతి సంవత్సరాల్లో ఆటగాళ్లు వచ్చి నా సంగతేంది సార్ అనడిగితే, తొలి ఏడుగురిలో ఉంటారో లేదో దాచకుండా చెప్పాను. జట్టులో ఉండాలా, పోవాలా అని అడిగినవాళ్లకు మాత్రం నాకు తెలియదని చెప్పి పంపాను.