మాస్టారు రాయని పేరు

విజయవాడ కాలేజీలో మాకు చరిత్ర చెప్పిన మాస్టారు తొంభైల మొదట్లో పోలండ్‌లో చదువుకున్నారు. అక్కడి ఓ చిన్న జాతీయవాద పార్టీ చరిత్రను ఏళ్ల తరబడి రాశారు. ఎవరు మాట్లాడినా ఎడమ చెవి అటు తిప్పి వినేవారు.

"ఒక్క సీటూ గెలవని పార్టీ గురించి ఇంత శ్రమెందుకండీ?" అని ఓసారి అడిగాను.

"పరాయివాణ్ణని వాళ్ల ఊరేగింపులో నన్ను కొట్టారమ్మా. కుడి చెవి అప్పుడే పోయింది. మొదటి దెబ్బ నా రూమ్మేటుది. నాకు వాళ్ల భాష నేర్పింది అతనే."

పుస్తకం పూర్తయ్యాక టైపు ప్రతి నాకిచ్చారు. కొట్టినవాళ్లందరి పేర్లూ అందులో ఉన్నాయి, రూమ్మేటుది తప్ప.

"అతని పేరు రాయలేదేంటండీ?"



"రాసిన ప్రతిసారీ నేనే కొట్టేశానమ్మా. ఆ పేరు లేకపోతే అది చరిత్ర కాదు."

పోయేదాకా మాస్టారు ఆ పుస్తకాన్ని అచ్చుకివ్వలేదు.