పులికీ మేకకూ నడుమ

మొన్న మంగళారం పొద్దుగాల మా పెద్దమ్మ పోయింది. నాకు ఒకలొచ్చి చెప్పిండ్రు, మా తమ్మునికి ఇంకొకలు పోయి చెప్పిండ్రు. ఇద్దరివీ ఎదురెదురు ఇండ్లే. చావు కబురుకు కూడా ఇద్దరు మనుషులు కావాల్సొచ్చింది చూడుండ్రి, గట్లుంది మా బతుకు.

అమ్మ చిన్నప్పుడే పోతే మమ్మల్ని సాకింది పెద్దమ్మే. ఖమ్మంల మా పెద్ద చర్చి కెథడ్రల్‌కు ప్రతి శనివారం పోయి బల్లలు తుడిచేది. ఆ గుడిల శాంతి బొమ్మలకు కొదవ లేదు. పీఠం కింద గొర్రెపిల్ల, అద్దాల కిటికీల ఆకు పట్టుకున్న పావురం. కానీ ఆమె పానమంతా మూడో వరుస టేకు బల్ల మీదనే. దానికి ఒక కొసన సింహం, ఇంకో కొసన మేకపిల్ల చెక్కమన్నరంట ఫాదర్, దేవుని రాజ్యంల రెండూ కలిసి పడుకుంటయని. చర్ల అడవుల దిక్కు నుంచి వచ్చిన వడ్లాయన సింహాన్ని ఎన్నడు చూసిండు? పులిని చెక్కిండు. ఫాదర్ తల పట్టుకున్నరు. పెద్దమ్మ మాత్రం, "ఉండనియ్యిండ్రి ఫాదర్, మన అడవిల ఉన్నది పులే. సింహంతోని మనకేం పంచాయితీ?" అన్నది.

మిరపతోటకు బోరు నీళ్ల వంతు దగ్గర నాకూ తమ్మునికీ లొల్లయింది. అప్పటి సంది మాటల్లేవు. పెద్దమ్మ మమ్మల్ని ఆదివారం ఆ బల్ల మీదనే కూసోబెట్టేది. నేను పులి దిక్కు, వాడు మేక దిక్కు, నడుమ తను. "తగినట్టే కూసున్నరు" అని నవ్వేది. పూజల "ఒకరికొకరు సమాధానం చెప్పుకోండి" అని, అంటే పక్కోళ్లకు శాంతి ఇచ్చుకోమని, ఫాదర్ అనంగనే, జోడించిన నా చేతులను తన అరచేతులతో పట్టుకొని, అటు తిరిగి తమ్ముని చేతులు పట్టుకునేది. "అన్న ఇచ్చిండు, తీస్కో బిడ్డా." మళ్ల ఇటు తిరిగి, "ఇగో, తమ్ముడు పంపిండు."

ఏండ్ల తరబడి గట్లనే నడిచింది. పెద్దమ్మ చేతుల మీదుగా పోతే చాలనుకున్న నేను. ఇచ్చినట్టే, పుచ్చుకున్నట్టే అనుకొని ఇంటికొచ్చి అన్నం తిని పండుకున్న. ఆమె చేతులకు బరువైతదని ఒక్కనాడు తట్టలే, ఏం మనిషినో!

పెద్దమ్మ పానం బాగలేక దవాఖానల పడ్డంక, చూడనీకి కూడా పొద్దున నేను, మాపటికి వాడు. "ఒక్కపారి ఇద్దరు కల్సి రాండ్రిరా. నా చేతులు గుంజుతున్నయి, ఇగ మీకు మీరే ఇచ్చుకోండ్రి" అన్నది.

"అవ్ పెద్దమ్మా, వస్తం" అన్న. తమ్మున్ని పిలవలే.

సమాధి పూజ నాడు ఆ బల్ల మీదనే కూసున్నం, ఎవరి కొసకు వాళ్లం. నడుమ ఆమె జాగా ఇడిచిపెట్టినం. ఫాదర్ సమాధానం చెప్పుకోమన్నరు. అలవాటు కొద్దీ చేతులు జోడించి నడుమకు తిరిగిన. వాడూ తిరిగిండు. అందుకునే పెద్దమ్మ లేదు. వాని కండ్ల నిండ నీళ్లు. పెద్దోణ్ణి, నేనే జరగాలె అనుకున్న.

తమ్ముడు జానెడు ఇవతలికి జరిగిండు. నేను జరగలే, నా చెయ్యి పోయి నా కొసనున్న పులి తలను పట్టుకున్నది.