అన్న థీసిస్‌లో నేను కొట్టని మాట

మొన్న మా అన్న మనవరాలు తన పరిశోధన కాగితాలు నా మంచం మీద పరిచి, పెద్ద చదువుల ఇంగ్లీషులో వాడవలసిన మాటల పట్టిక ఒకటి చదివి వినిపించింది. ‘ఇలా తోస్తున్నది’, ‘ఇది కారణం కావచ్చు’ అనే అర్థమిచ్చే మాటలే అందులో సగం. “ఏందమ్మమ్మా, తెల్సిన ముచ్చట గూడ గింత భయపడుకుంట రాయాల్నా” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అరవైల చివర తార్నాకలో రెండు గదుల వాటాలో అన్న, అమ్మ, నేను ఉండేవాళ్లం. మాది నల్లగొండ వైపు పల్లె. ఊరి చర్చిలో ప్రార్థనలు నడిపే మా నాయన నన్ను బడికి పంపలేక ఇంట్లోనే పలక మీద ఇంగ్లీషు దిద్దించాడు. ఆ రుణానికి ఈనాటికీ ప్రతి ప్రార్థనలో ఆయనను తలుచుకుంటాను. ఆదివారం చర్చిలో లేచి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేటప్పుడు మాట తడబడకూడదని, అనుమానంగా పలికింది సాక్ష్యమే కాదని ఆయన నేర్పింది నాలో ఇంకిపోయింది.

అన్న పరిశోధన మా వైపు బావినీళ్ల మీద. ఆ నీళ్లు తాగినవాళ్ల ఎముకలు ఎందుకు వంగిపోతున్నాయో తేల్చాలని సీసాలలో నీళ్లు పట్టి యూనివర్సిటీ క్యాంపస్ ప్రయోగశాలకు మోసుకొచ్చేవాడు. “ఊర్ల బావులన్ని ఎత్తుకొచ్చిండు బిడ్డ, నాకు తాగనీకి గిలాసెడు ముంచియ్యడు” అని అమ్మ ఎగతాళి చేసేది. అప్పటికే ఆమె నడుము ఎంత వంగిందంటే, ఎదుటి మనిషి ముఖం చూడాలంటే గోడ పట్టుకుని పక్కకు తిరగవలసి వచ్చేది. పట్టా చేతికొచ్చాక ఆ కాగితాలు అధికారుల ముందు పెడతానని, ఊరికి మంచినీళ్లు అడుగుతానని అన్నకు చదువు చెప్పే సారు మాటిచ్చాడు. మా ఇంటి ఆశ అంతా దాని మీదే.

లైబ్రరీలోని పాత థీసిస్‌ల నుంచి పనికొచ్చే ఇంగ్లీషు మాటలు అట్టల నోటుబుక్కులోకి ఎక్కించుకుని, తూకం వేసినట్టు ఒక్కో వాక్యం రాసేవాడు అన్న. ముషీరాబాద్ నుంచి అద్దెకు తెచ్చిన మిషను మీద, కార్బన్లు పెట్టి నాలుగు ప్రతులు నేను టైపు కొట్టేదాన్ని. చివరి అధ్యాయంలో ‘ఈ నీళ్లే కారణం కావచ్చు’ అని ఉన్నచోట నా వేలు ఆగిపోయింది. ఎదురుగా అమ్మ, ముక్కు చేటకు తగిలేంత వంగి బియ్యంలో రాళ్లేరుతున్నది. ఆమె ముందు ఆ మాట కొట్టడం నాకు అబద్ధమాడినట్టే అనిపించి, ‘ఈ నీళ్లే కారణం’ అని కొట్టాను. ఆ తర్వాత ‘సజెస్ట్స్’ ఉన్న ప్రతిచోటా ‘ప్రూవ్స్’ పెట్టాను. గడువు దగ్గరపడడంతో అన్న అంకెల పట్టికలు మాత్రం సరిచూసి, మిగతాదానికి నా మీద నమ్మకముంచి సంతకం పెట్టాడు.

కొన్ని నెలలకు పై ఊరి పరీక్షకుడి దగ్గర్నుంచి థీసిస్ తిరిగొచ్చింది. పదకొండు బావుల నీళ్లతో ఇంత గట్టిగా చెప్పడం పరిశోధన కాదనీ, మరిన్ని బావులు పరీక్షించి చివరి అధ్యాయం మళ్లీ రాయమనీ అన్నాడు. పొయ్యి దగ్గర కూర్చుని అన్నకు జరిగింది చెప్పేశాను. అన్న పొయ్యిలోకి కట్టె ఎగదోశాడు.

“నువ్వు సాక్ష్యం చెప్పినవ్ చెల్లె. వాళ్లు అడిగింది లెక్క.”

సారు దగ్గరికి నేనే వచ్చి ఒప్పుకుంటానని బతిమాలితే, “సంతకం నాది గదా” అని చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మళ్లీ బావుల వెంట తిరగడం మొదలుపెట్టేసరికి నగరమంతా ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం లేచి క్యాంపస్ మూతపడింది, ప్రయోగశాలకు తాళాలు పడ్డాయి. అవి తెరిచేనాటికి అన్నకు ఇచ్చే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. లాలాపేట్ బడిలో పంతులుగా చేరిపోయాడు. ఆ నోటుబుక్కు మళ్లీ తెరవలేదు. బతికినన్నాళ్లూ నన్ను ఒక్క మాటైనా అనని అన్ననిచ్చినందుకు దేవునికి స్తోత్రం; అనకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది.

అమ్మ పోయినప్పుడు ఆమెను శవం పెట్టెలో చాపి పడుకోబెట్టలేక పక్కకు తిప్పి పడుకోబెట్టాం. ఊరికి మంచినీళ్లు చాలా ఏళ్లకు గానీ రాలేదు, ఈలోగా మా వాడలో ఇంకో తరం పిల్లల కాళ్లు వంకర తిరిగాయి.

ఇప్పుడు ఆ బావులు పూడ్చేశారు, మనవరాలు కంప్యూటర్ తెర మీద మాట మారిస్తే మరక కూడా మిగలదు. వెళ్లబోతూ ఆ పిల్ల అడిగింది, తాత థీసిస్ అప్పుడే నెగ్గి ఉంటే నీళ్లు ముందే వచ్చేవా అని. గట్టిగా చెప్పడానికి నోరు రాలేదు. కావచ్చు బిడ్డా, అన్నాను.