మామ సంచిలో మిగిలిన గ్యాస్ ట్యూబు

పోయిన నెల కోడిమాంసం కొట్టించుకుని ఇంటికి వస్తుంటే ఆదోని నుంచి అత్త ఫోన్ చేసింది. "పాపా, మీ మామ పోయినాడు. నిద్రలోనే" అంది. ఆయన నాకు మేనమామ. ఆదోనిలో గ్యాస్ పొయ్యిలు బాగుచేసేవాడు. ఎమ్మిగనూరు వచ్చి నా కబాబుల బండి మీది గ్రిల్లుకు ట్యూబు, రెగ్యులేటరు మారుస్తానని అంతకు రెండు రోజుల ముందే చెప్పాడు. రోడ్డు మీదే ఏడ్చాను.

ఆ గ్రిల్లు ఆయన ఇచ్చిందే. ఎవరో హోటలు మూసేసి పాత ఇనుముకు వేయబోతుంటే తెచ్చి, బర్నర్లు విప్పి తోమి, నాకో బతుకుతెరువు చూపించాడు.

నాకు అతితెలివి ఉండేది. ట్యూబు చివర పగిలితే అంతవరకూ కోసేసి మళ్లీ తొడిగేదాన్ని. మా బండ్ల వాళ్లందరం చేసేదే. కోసి కోసి ట్యూబు మూరెడైంది, సిలిండరు మంట పక్కకు చేరింది. ఒకరోజు మామ చూశాడు. అరవలేదు. బేరం ఆపించి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు కోసినావు?"

"మూడుసార్లు మామా. ఇంగో నెల ఆగుతాదిలే అని."

"ఆ నెల నీకు ఎవరిచ్చినారు పాపా?"

ఈ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

కొత్త ట్యూబు బయటికి తీసే ముందే పాతదాన్ని జానెడేసి ముక్కలు చేయడం ఆయన అలవాటు. దాచిపెడితే మళ్లీ తగిలిస్తామని తెలుసు. కుళాయికి తగిలించి నీళ్లు పట్టుకుంటాం, ఇమ్మని ఆడవాళ్లు ఎంత బతిమాలినా కత్తి ఆపేవాడు కాదు. మహా మొండి మనిషి. ఆ మొండితనం వల్లే నేనీ రోజు చేతులు కాలకుండా ఉన్నాను.

ఆ రోజు కొత్త ట్యూబు నా చేతికే ఇచ్చాడు. సులువుగా ఎక్కుతుందని నేను నూనె సీసా అందుకోబోతే చేతి మీద ఒకటి వేసి, చివరను వేడినీళ్లలో ముంచమన్నాడు. తొడిగి క్లిప్పు బిగించాక, గ్యాస్ వదిలి, ఎక్కడైనా కారుతోందేమో చూడ్డానికి సబ్బునురుగు పూయించాడు.

"బుడగ లేసిందా?"

"లేదు మామా."

"అయితే ఇంగ నేనెందుకు?" అని నవ్వాడు. అయినా ఆ తర్వాతా ఆయన్నే పిలిచేదాన్ని. పక్కనుంటే ధైర్యం.

కర్మలయ్యాక అత్త ఆయన సంచి నాకిచ్చింది. నా కోసం కొన్న ట్యూబు, రెగ్యులేటరు అందులోనే ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం సిలిండరు వాల్వు మూసేసి, పాత ట్యూబు ఊడబీకి, ఆయన కత్తితో కోయడం మొదలుపెట్టాను. పక్కన పండ్లమ్మే అక్క చెయ్యి చాచింది. "ఆ ముక్క ఈడియ్యి మే, పనికొస్తాది."

"ఇయ్యనక్కా" అన్నాను. అంతా జానెడేసి ముక్కలయ్యేదాకా కోశాను.

కొత్తది తొడిగాను. రెగ్యులేటరు టక్కుమని కూర్చుంది. వాల్వు తిప్పి, అతుకులన్నిటికీ నురుగు పూశాను. ఒక్క బుడగ లేవలేదు. ఎండకు ఆ నురుగు ఆరిపోయేదాకా దాని వంకే చూస్తూ కూర్చుని, తర్వాత గ్రిల్లు వెలిగించాను.