పక్క సాలులోకి దింపిన ఆట

మీ చేతిలో ఉన్న ఫోనులోని ఆట ఎప్పుడైనా మీ నోరు మూయించిందా? సూటిగా అడుగుతున్నాను, దాటవేయకుండా చెప్పండి. ఆట అయిపోయాక లేవబోయి, లేవలేక, ప్రార్థన ముగిసిన మందిరంలో కూర్చున్నట్టు ఊరికే కూర్చుండిపోయారా? నేను కూర్చుండిపోయాను. ఆ ఆట చేసింది మా అక్క కూతురు. పోయిన వారం ఆమె ప్రభువునందు నిద్రించింది.

గుంటూరు ఆసుపత్రిలో, పొద్దున పూట. మూత్రపిండాల జబ్బుతో ఏళ్ల తరబడి పెనుగులాడింది. మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు కావడంతో, "నువ్వు పనికి పోమ్మా, మామయ్య ఉన్నాడుగా" అని ముందు రోజే వాళ్లమ్మను ఊరికి పంపేసింది. అందుకని కబురు చెప్పాల్సిన వాణ్ణి నేనయ్యాను. మా అక్క చేలో ఉంది. ఫోనులో వెనక నుంచి ఆడవాళ్ల మాటలు, నవ్వులు వినపడుతున్నాయి. "అక్కా" అన్నాను. అంతే. అవతల ఒక్కొక్కరే మాట్లాడటం మానేశారు.

పోయినవాళ్లని తలుచుకునే ఆదరణ కూడిక ఏర్పాట్ల కోసం మా సంఘపెద్ద ఇంటికి వచ్చారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చెడ్డవారు కాదు. ఈ పిల్ల బాప్తిస్మం రోజున కాలవలో చెయ్యి పట్టుకుని గట్టుకు నడిపించింది ఆయనే. కుర్చీ అంచున కూర్చుని మెల్లగా అన్నారు:

"అమ్మాయి గురించి చెప్పేటప్పుడు కంప్యూటర్ ఉద్యోగం చేసిందని చెబుదాం, చాలు. ఈ గేముల సంగతి వద్దు. పసిపిల్లలుంటారు, వాళ్ల తల్లిదండ్రులుంటారు."

మా అక్క గోడకి ఆనుకుని ఉంది. "ఎందుకండీ? నా కూతురేమన్నా దొంగతనం చేసిందా, దాచిపెట్టటానికి?"

"అట్టా కాదమ్మా. పాటలు రాసేదనుకో, బొమ్మలేసేదనుకో, గర్వంగా చెబుతాం. అది కళ. ఇది కాలక్షేపం."

"పాటలు మందిరంలో తెర మీద వేస్తారుగా? అదే తెర మీద నా కూతురు చేసింది వెయ్యండి. చూసినాక చెప్పండి, అదేందో."

ఆయన లేచి వెళ్లిపోయారు. మా అక్క కోరింది అదొక్కటే. ఆరోగ్యం కరిగిపోతుంటే కూతురు చేసిన పనిని, కూతురి పనిగానే జనం ముందు ఒక్కసారి నిలబెట్టాలి. ఆ కూడిక దాటిపోతే ఇక అడిగేదెవరు?

నా సంగతి మీకు తెలుసు. ప్రసంగాల్లో ఫోన్ల మీద నేను వేసిన కేకలకి మైకులు అరిగాయి. వాటిలో ఒక్క కేకనూ వెనక్కి తీసుకోను. పిల్లల నిద్ర మింగే ఆటల మీద, జూదానికి రంగు పూసిన ఆటల మీద ఇంకా గట్టిగా అరుస్తాను. కానీ ఒక గిన్నెలో విషం పోశారని ఊళ్లో గిన్నెలన్నీ పగలగొడతామా? గిన్నెలో ఏముందో చూడాలి. ఈ గిన్నెలో ఏముందో నేను చూశాను, అందుకే ఇది రాస్తున్నాను.

జబ్బు చేయకముందు ఆమె హైదరాబాదులో ఒక గేముల కంపెనీలో చేసేది. ఆమె పని ఆకులు వేయడం. పరాయి దేశాల ఆటల్లో అడవులుంటాయట. ఆ చెట్లకి ఆకులు. ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు చూపించింది. చిటికెన వేలి గోరంత ఆకు. దానికి ఈనెలు, పురుగు కొరికిన అంచు, ఎండ పడితే లోపల నుంచి పచ్చగా వెలగడం!

"ఇవన్నీ ఎవరు చూస్తారే?" అన్నాను.

"ఎవరూ చూడరు మామయ్యా. ఆడేవాళ్లు గుర్రమెక్కి దౌడు తీసుకుంటా పోతారు."

"మరి ఎవరి కోసం ఇంత కష్టం?"

"ఎవడో ఒకడు గుర్రం దిగుతాడుగా!"

రేపు పొయ్యిలో పడబోయే అడవి గడ్డికి రాజుకి కూడా లేని అలంకారం చేసే దేవుడి గురించి నేను ఎన్నిసార్లు ప్రకటించానో. ఆ దేవుడు పని చేస్తుంటే చెయ్యి ఎలా కదులుతుందో మాత్రం ఆ రోజే చూశాను.

జబ్బు ముదిరి ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాక సొంతంగా ఒక ఆట మొదలుపెట్టింది. మన మిరప చేను. పరాయి అడవి అక్కర్లేదంది. ఒంట్లో ఓపిక ఉన్న రోజున వాళ్లమ్మ కూలి ముఠాతో పాటు చేలోకి వెళ్లేది. కోసేవాళ్ల నడక, నడుం వంపు, కాయ తుంచితే వచ్చే చప్పుడు, ఘాటుకి వచ్చే దగ్గు, అన్నీ ఫోనులో పట్టుకునేది. నేను టీ పట్టుకెళ్లినప్పుడు అక్కడ జరిగే సరసాలు వినాలి.

"ఏమ్మే, కోతకొచ్చావా, ఫొటోలకొచ్చావా?" అని ఒకామె.

"నిన్ను బొమ్మలో పెడుతున్నా పిన్నీ, ఒకసారి వంగు."

"వంగే ఉన్నాగదే పొద్దుట్నించీ! ఇంకేం వంగను? సరే, నన్ను కాస్త తెల్లగా పెట్టు."

"నల్లగానే పెడతా. తెల్లగా పెడితే బాబాయి నిన్ను గుర్తుపట్టడు."

"అయితే తెల్లగానే పెట్టవే తల్లీ! పుణ్యముంటుంది!"

చేనంతా నవ్వు. ఆమె కూడా నవ్వి, ఆ నవ్వునీ పట్టుకుంది.

వరండాలో కూర్చుని ఒక సాయంత్రం నేనే అడిగాను. బొమ్మ కళ, పాట కళ, ఒప్పుకుంటా, ఆట కళెట్టా అవుద్దే అని. ఆమె డయాలసిస్ చేయించుకుని వచ్చింది, నీరసంగా ఉంది. అయినా లేచి కూర్చుంది.

"సినిమాలో వాడెవడో తప్పు చేస్తే ఆ తప్పు వాడిది మామయ్యా. నువ్వు కుర్చీలో కూర్చుని తిట్టుకుంటావు. ఆటలో తప్పు చేస్తే అది నీ తప్పు. నీ వేలే చేసింది. మంచి చేసినా అంతే. ఇంకే కళలో ఉంది, చూసేవాడికి అంత బరువు అప్పజెప్పడం?"

వెంటనే నాకు తప్పిపోయిన కొడుకు కథ తట్టింది. ఇంటికొచ్చిన చిన్నోడికి తండ్రి విందు చేశాడు. పెద్దోడు అలిగి బయట నిలబడ్డాడు. తండ్రి వచ్చి బతిమాలాడు. మరి పెద్దోడు లోపలికి వెళ్లాడా? ప్రభువు చెప్పలేదు! కథ అక్కడ వదిలేశాడు. వెళ్లాలో వద్దో వినేవాడే తేల్చుకోవాలి. ఆ మాట చెబితే ఆమె కళ్లు మెరిశాయి. "చూశావా? మీ ప్రభువుకి తెలుసు" అంది. 'మీ' ఏందే, 'మన' అన్నాను కోపంగా. "మనోడే మామయ్యా, మా వృత్తి వాడని మురిసిపోతున్నా" అంది.

ఆట పూర్తయిన రోజున మొదట వాళ్లమ్మకే ఇచ్చింది. నేను పక్కనే ఉన్నాను. మా అక్క ఫోను అందుకోబోయి, తెర మీద ఎర్రటి చేను కనపడగానే చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపలికెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చి, వేళ్లకీ మణికట్టుకీ దట్టంగా రాసుకుని కూర్చుంది! కాయ ముట్టేముందు మంట పుట్టకుండా నూనె రాసుకోవడం కోత కోసేవాళ్లందరి అలవాటు. ఫోను జిడ్డయిపోయింది, వేలు జారిపోతోంది. "అమ్మా, అది ఫోనమ్మా!" అని కూతురు పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఒక మనిషి చేసిన చేను ఇంకో మనిషి చేతికి మంట పుట్టించబోయింది. ఏ చిత్రకారుడికి దక్కుతుందండీ అంతటి బహుమతి?

ఫోను తుడిచి ఇచ్చాక మా అక్క తన సాలు, తన వంతు మొక్కల వరస, కోసుకుంటూ పోయింది. అయిపోగానే ఆగకుండా పక్క సాలుకి ఎదురెళ్లి, అక్కడ వెనకపడ్డ ముసలామెతో కలిసి కోసింది. ఆట ముగిసింది. "బాగుందమ్మా, మన చేనే" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

కూతురు నా వంక తిరిగి అంది: "చూశావా మామయ్యా, అమ్మ అడగనే లేదు."

"ఏం అడగలేదు?"

"ఏం చేస్తే గెలుస్తానని."

అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. మందిరంలో అర్థమైంది.

కూడిక నాటి మధ్యాహ్నం, జనం రాకముందే అక్కతో కలిసి మందిరంలో ఉన్న సంఘపెద్ద దగ్గరికి వెళ్లి వాక్యం తెరిచాను. "దేవుని ఆత్మతో నింపబడ్డాడని లేఖనం చెప్పిన మొదటి మనిషి ఎవరండీ? రాజా? ప్రవక్తా? అరణ్యంలో గుడారానికి బంగారం చెక్కి, కర్ర కోసి, రంగు దారాలు కూర్చిన పనివాడు! ఆత్మ ముందు చేతిపనిలోకి దిగింది, తర్వాతే నాబోటి నోళ్లలోకి."

"అది గుడారం. ఇది ఆట" అన్నారాయన.

"రాజు దేవుని మందసం ముందు నాట్యమాడితే, కిటికీలోంచి చూసిన రాణికి గంతుల్లాగే కనపడింది. మీరు కిటికీ దగ్గరే ఉన్నారు. దిగి రండి."

ఆయన ఫోను కోసం చెయ్యి చాపారు. "ఇవ్వండి. నేను చూశాకే తెర."

ముందు బల్ల మీద కూర్చుని కళ్లద్దాలు సర్దుకున్నారు. మా అక్క పక్కన నిలబడింది. లెక్కల మాస్టారు కదా, పని వాటంగా నేర్చుకున్నారు. ఒక్క కాయ వదలకుండా, చకచకా సాలు చివరికి చేరుకున్నారు.

"అయింది. గెలిచానా?"

తెర మీద చేను అలాగే ఉంది. ఎండ అలాగే ఉంది. చప్పట్లు లేవు, మార్కులు లేవు.

"ఏమ్మా, చెడిపోయిందా ఇది?"

"చెడిపోలేదండి" అంది మా అక్క.

ఆయన అటూ ఇటూ కదిపారు. పక్క సాలు కనపడింది. ముసలామె ఒక కాయ తుంచి, నడుం పట్టుకుని, ఇంకో కాయ తుంచుతోంది. ఆయన బొటనవేలు గాలిలో ఆగిపోయింది. తర్వాత ఆ సాలులోకి దిగారు. ఆ కొస నుంచి ఆమె, ఈ కొస నుంచి ఆయన. ఒక్కో మొక్కా దాటుకుంటూ దగ్గరయ్యారు. ఆఖరి మొక్క దగ్గర ఆమె నడుం నిటారుగా చేసి ఆయన ముఖంలోకి చూసింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, పొద్దు వాలడం మొదలైంది. చేనంతా రక్తం రంగు, బంగారం రంగు.

పెద్దాయన కళ్లద్దాలు తీసేశారు.

"వెళ్లమని నాకెవరూ చెప్పలేదే!"

"ఆట చెప్పదండీ. మా చేలోనూ ఎవరూ చెప్పరు" అంది మా అక్క.

పొరుగువాణ్ణి ప్రేమించమని నేను ఎన్ని ఊళ్లలో గొంతు చించుకున్నాను! వినేవాళ్లు ఆమెన్ అన్నారు, ఇంటికెళ్లారు. ఈ పిల్ల ఒక్క మాటైనా మాట్లాడకుండా, ఒక మొండి మనిషిని పొరుగు సాలులోకి తన వేలితో తనే దిగేట్టు చేసింది. అది కళ కాకపోతే కళకి ఇంకో పేరు వెతకండి. దేవుడు మనిషికి చెయ్యడం నేర్పినప్పుడు ఎంత పెద్ద తాళం చెవి చేతిలో పెట్టాడో!

"తెర వెయ్యండి" అన్నారు సంఘపెద్ద. కూడికలో ఆయనే మైకు పట్టుకుని, "మన బిడ్డ వీడియో గేములు చేసేది" అని మొదలుపెట్టారు. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలెత్తి కూర్చుంది.

ఇప్పుడు ఆ ఆట నా ఫోనులోనూ ఉంది. అందులో గాలి వీస్తే చేనంతా ఒక వైపుకి వంగి లేస్తుంది. గట్టు పక్కన ఒక్క మొక్క మాత్రం, గాలి వెళ్లిపోయాక, మెల్లగా తనంతట తాను ఊగుతుంది. ఎందుకు అట్లా పెట్టిందో నాకు తెలియదు. పొరపాటా? ఎవరైనా మనిషి గుర్తా? అడుగుదామని అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఆ మొక్క ఊగుతూనే ఉంది.

మీ ఇంట్లో కూడా ఎవరో తలుపు దగ్గరగా వేసుకుని ఏదో చేస్తున్నారు. మీకు అర్థం కానిది, మీరు కాలక్షేపమని కొట్టిపారేసింది. ఆదివారం దాకా ఆగకండి. దీన్ని పక్కన పెట్టి ఇప్పుడే లేవండి. వెళ్లి ఆ పక్కన కూర్చుని, "ఏం చేస్తున్నావు, నా చేతికియ్యి, చూస్తా" అనండి. చెప్పేవాళ్లు ఉండగానే అడగండి.