బట్ట బనీను

మా బాపు ఇక గల్ఫ్ పోనని ఇంటికి వచ్చేసిన ఆ ఎండాకాలం, ఆయన ఒంటికి ఏ బట్టా సరిపడలేదు. పెట్టె నిండా షర్టులు తెచ్చుకున్నాడు. పొద్దున ఒకటి తొడుక్కునేవాడు, ఎండ ఎక్కకముందే విప్పి దండెం మీద వేసేవాడు. వీపంతా చెమటకాయలు. అక్కడ ఏళ్ల తరబడి కంపెనీ ఇచ్చిన దళసరి యూనిఫామే వేసుకున్నాడు. మెడ దాకా గుండీలు, లోపలికి గాలి చొరబడదు.

"అది ఇడిసినంక నా తోలు నా మాట ఇంటలేదు బిడ్డా" అనేవాడు.

ఆయన అడిగింది పెద్ద కోరికేమీ కాదు. గల్ఫ్ పోకముందు మా లింగంపేటలో ఒక దర్జీ బట్ట బనీన్లు కుట్టేవాడు. దుకాణాల్లో పెట్టెల్లో వచ్చే అల్లిక బనీను కాదు. తెల్లటి నూలు బట్టను వదులుగా కత్తిరించి, పొట్టి చేతులు పెట్టి, పక్కన ఒక జేబు వేసి కుట్టేది. పొలానికి పోయినా అదే, సంతకు పోతే దాని మీద ఒక తువ్వాల. ఆ దర్జీ ఇప్పుడు లేడు. ఆయన దుకాణంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు.

నేను కామారెడ్డిలో ఉంటాను. ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు పాఠాలు చెబుతాను. "ఆదివారం రా బాపూ, కామారెడ్డిల దొరకనిది ఏముంటది" అని ధైర్యం చెప్పి పిలిచాను.

మొదట స్టేషన్ దగ్గరి పెద్ద షాపుకు తీసుకెళ్లాను. లోపల చల్లగా ఉంది. బాపు కాసేపు ఏసీ కింద నిలబడి, ఆ తర్వాత అద్దాల బల్ల దగ్గరికి వచ్చాడు. బల్ల వెనక పనిచేసే పిల్ల షర్టులు తీసి పరిచింది.

"అన్నీ కాటనే అంకుల్. ప్యూర్ కాటన్."

బాపు ఒక షర్టు అంచు పట్టుకుని చెంపకు రుద్దుకున్నాడు. కళ్లు మూసుకుని, చిన్నపిల్లాడి నుదురు తాకి జ్వరం చూసినంత శ్రద్ధగా. "కాదు బిడ్డా" అన్నాడు. ఆ పిల్ల ఇంకొకటి తీసింది. మళ్లీ చెంపకు. మళ్లీ కాదు. పక్క బల్ల దగ్గర పెళ్లి బట్టలు కొంటున్నవాళ్లు తమ బేరం ఆపి మమ్మల్నే చూస్తున్నారు. చివరికి ఒక దాన్ని ఆయన చెంప మీదనే కొంచెంసేపు ఉంచుకున్నాడు. ముఖం తేటపడింది. తర్వాత దాని చీటీ తిప్పి చూసి, ఎలా ఉన్నదో అలాగే మడత పెట్టి ఇచ్చేశాడు.

"బట్ట మంచిదే. కానీ గింత ధర పెట్టి ఏసుకుంటే, చెమట పట్టుడుకు గూడ భయమైతది" అన్నాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ అంతే.

తర్వాత చిన్న దుకాణాలు తిరిగాము. "బట్ట బనీనా? గవి ఇప్పుడు ఎవలేసుకుంటున్నరు పెద్దాయనా" అన్నారు ఒకరిద్దరు. ఒక దర్జీ మాత్రం నిజం మాట్లాడాడు. "షర్టు కుడ్త, ప్యాంటు కుడ్త. బనీన్లు కుట్టుకుంట కూసుంటే నా కిరాయి గూడ ఎల్లది కాకా." ఆయన మాటలో తప్పేమీ లేదు.

బాపును లింగంపేట బస్సు ఎక్కిద్దామని బస్టాండుకు వచ్చాము. చెరుకు రసం తాగుతూ కూర్చున్నాము. మా పక్క బల్ల మీద ఒక ముసలాయన ఉక్కకు తాళలేక లాల్చీ విప్పి భుజం మీద వేసుకున్నాడు. లోపల తెల్లటి బట్ట బనీను. పక్కన జేబు. బాపు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, జర అడుగుత, ఏమనుకోకు. ఆ బనీను యాడ కుట్టించినవ్?"

ముసలాయన తన బనీను తానే ఒకసారి చూసుకున్నాడు. "ఎల్లారెడ్డిల. మసీదు ఎనుక గల్లిల ఒక సాబ్ కుడ్తడు. మస్తు రోజులాయె కుట్టించి. ఇంగ చినగలే."

బస్సు వచ్చింది. ఎల్లారెడ్డి బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. బాపు నన్ను కూడా ఎక్కమన్నాడు. లింగంపేట వచ్చినా దిగలేదు. "మీ అవ్వకు ఫోన్ చేసి చెప్పు, ఎల్లారెడ్డి దాకా పోయొస్తమని" అన్నాడు. మా దిక్కు నాన్నను బాపు, అమ్మను అవ్వ అనే పిలుస్తాం. అవ్వ ఫోనులో అంతా విని, "బనీను కోసమా? ఆడ్నే ఇంత బువ్వ గూడ తినిరాండ్రి" అని పెట్టేసింది.

ఆ ఇల్లు వెతకడానికి కష్టపడలేదు. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, గుట్టగా పోసిన ఆడపిల్లల ఫ్రాకులు, లంగాలు. ఒక మిషన్ ముందు సాబ్ భార్య కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. గల్లీలో అందరికీ ఆమె ఆపా, అంటే అక్క. బాపు చెప్పింది విని తల అడ్డంగా ఊపింది.

"మొగోళ్లయి నేను కుట్టనన్నా. గది మా సాబ్ పని. ఆయినకు పక్షవాతమొచ్చింది. కుడిచెయ్యి లేస్తలేదు. ఆ పెద్దాయనకు కుట్టింది గంతకు ముందటి ముచ్చట."

బాపు ముఖం తుడుచుకున్నాడు. "సరె చెల్లె. ఇన్ని మంచినీళ్లియ్యి, తాగి పోతం" అన్నాడు. గల్ఫ్ నుంచి వచ్చిన సంగతీ, వీపు సంగతీ నీళ్లు తాగుతూ చెబుతుంటే, లోపలి గది పరదా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఆయినను కూసోమను. నేనొస్తున్న."

సాబ్ ఒక కాలు ఈడుస్తూ బయటికి వచ్చాడు. పల్చటి మనిషి, గడ్డం తెల్లబడింది. బాపు షర్టు కాలరు పట్టుకుని బట్టను వేళ్ల మధ్య నలిపి చూశాడు. "గిండ్ల ఎట్లున్నవ్ భాయ్, ఈ ఎండల?" అన్నాడు. తర్వాత ఆపా వైపు తిరిగాడు. "కత్తెర నువ్వు పట్టు. నేను చెప్త."

"ఇన్నేండ్లు నా చేతికి కత్తెర ఇయ్యలే. నేను కోస్తే వంకర పోతదన్నవ్."

"ఇప్పుడు గూడ పోతది. అయినా కొయ్యి."

ఆపా లోపలి నుంచి ఒక తాను తెచ్చి పరిచింది. దుబ్బాక వైపు నుంచి ఒక నేతాయన మోటారు సైకిల్ మీద మగ్గం బట్ట తెచ్చి వేసిపోతాడట. ఫ్రాకులకు లోపలి వైపు అస్తరుగా వాడుతుందట. బాపు దాని అంచు చెంపకు ఆనించి, మళ్లీ కింద పెట్టలేదు. సాబ్ ఎడమ చేత్తో టేపు ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస నేను పట్టుకున్నాను. ఎడమ చేత్తోనే సుద్దతో గీత గీశాడు. అది వణికింది. ఆపా దాన్ని అరచేత్తో తుడిచి, పక్కనే తిన్నగా ఇంకో గీత గీసింది.

మళ్లీ ఆదివారం బనీను తెచ్చుకోవడానికి పోయినప్పుడు అవ్వ కూడా మాతో బయలుదేరింది. "ఊరంత తిరిగి కుట్టించుకున్న బనీను ఎట్లుంటదో సూస్త" అంది. బాపు పరదా వెనక్కి పోయి తొడుక్కుని వచ్చాడు. భుజాల దగ్గర సరిగ్గా ఉంది, నడుము దగ్గర వదులుగా ఉంది. జేబు మాత్రం ఎప్పుడూ ఉండే కుడి పక్కన కాకుండా ఎడమ పక్కకు వచ్చింది.

"కుడి అని చెప్పిన కదా" అన్నాడు సాబ్.

"నా ఎదురుంగ నిలవడి కుడి అంటివి. నీ కుడియా, నా కుడియా?" అంది ఆపా.

"బనీనుకు నాదీ నీదీ ఏంది? ఏసుకునేటోని కుడి."

ఆపా బ్లేడు తీసుకుని కుట్లు విప్పడానికి లేచింది. బాపు చేతిని జేబు మీద అడ్డం పెట్టుకున్నాడు. "ఇప్పకు చెల్లె. నేను కుడిదిక్కు ఒరిగి పంట. గిట్లుంటే ఫోను గుచ్చుకోది." ఆయన ఎటు ఒరిగి పడుకుంటాడో అవ్వకు తెలుసు. నవ్వింది గానీ బయటపెట్టలేదు.

వాళ్లు ఇంకా వాదించుకుంటుండగానే, అవ్వ మూలకు పోయి ఆ తాను పక్కన కూర్చుంది. బట్టను కొంచెం లాగి ఒడిలో పరుచుకుని, దాని మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ జరిపి చూస్తోంది.

"ఏం సూస్తున్నవక్కా?" అని ఆపా అడిగింది.

"ఈ బట్టల చీరెలు గూడ వస్తయా?"

"వస్తయి. అడిగితే తెస్తడు. ఎవలు కడ్తలేరని తక్కువ తెస్తడు."

"నేను బీడీలు చేస్త. జారుడు చీరె కట్టుకుంటే ఒడిల చాట నిలవది. తంబాకంత కింద పోతది. గిది నిలుస్తది."

ఆ మాట అవ్వ ఆపాతో మామూలుగా అన్నదే. కానీ మా ఇంట్లో అదివరకు ఎవరూ విననిది. గల్ఫ్ నుంచి ఊరికి ఎవరు వస్తున్నా బాపు వాళ్ల చేత చీరలు పంపేవాడు. మెత్తగా, పెద్ద పెద్ద పువ్వులతో మెరిసేవి. మడత విప్పితే సెంటు వాసన. అవ్వ వాటిని పెళ్లిళ్లకు కట్టేది, ఇంట్లోనూ కట్టేది. బీడీలు చుట్టేటప్పుడు మాత్రం ఒడిలో ఒక గోనెసంచి ముక్క పరుచుకుని దాని మీద చాట పెట్టుకునేది. చీరకు తంబాకు మరక అంటకుండా కాబోలు, బాపు పంపినవంటే ఎంత భద్రమో అనుకునేవాళ్లం మేమంతా.

బాపు అక్కడే నిలబడి విన్నాడు. చెయ్యి ఇంకా జేబు మీదే ఉంది.

"ఒక్కనాడన్న చెప్పకపోతివి" అన్నాడు.

"నువ్వాడ ఎండల తిరిగి కొని పంపితివి. చాట జారుతున్నదని ఫోన్ల ఎట్ల చెప్తరు?"

సాబ్ వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆపా మిషన్ మీద ఫ్రాకు పెట్టింది గానీ తొక్కలేదు. బాపు స్టూలు జరుపుకుని అవ్వ పక్కన కూర్చున్నాడు. ఆమె ఒడిలోని బట్ట మీద తనూ అరచెయ్యి పెట్టి, ఆమె చూసినట్టే అటూ ఇటూ జరిపి చూశాడు. తల ఎత్తి అడిగాడు. "చెల్లె, ఆ నేతాయన మల్ల ఎప్పుడొస్తడు?"

నేతాయన వచ్చిన రోజు బాపు నన్ను కూడా పిలవలేదు. తానే మొదటి బస్సుకు ఎల్లారెడ్డి పోయి, తెచ్చిన చీరలన్నీ చెంపకు రుద్ది, రెండు ఎంచుకున్నాడట. ఒకటి చిలకాకుపచ్చ, ఎర్ర అంచు. రెండోది జొన్నరంగు. కామారెడ్డి షాపులో ఒక్క షర్టుకు అడిగిన ధరలో రెండూ వచ్చాయని, ఆ మాట మాత్రం నాకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాడు.

అవ్వ ఆ ఆకుపచ్చ చీరను ఉతికి, గంజి పెట్టి కట్టుకున్న రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. బాపు ఎదురుగా ఫోను చూస్తున్నట్టు కూర్చున్నాడు. ఫోను వెలుగు ఎప్పుడో ఆరిపోయింది. ఆయన చూపు చాట మీదే ఉంది. అవ్వ వంగి దారపుకండె అందుకున్నప్పుడు ఆయన కూడా కొంచెం వంగాడు. చాట కదల్లేదు.

"ఏంది గట్ల సూస్తున్నవ్?"

"ఏం లే" అన్నాడు. లేచి చాయ్ పెడతానని లోపలికి పోయాడు. ఆయన చాయ్ పెట్టడం నేను చూడటం అదే మొదటిసారి. చక్కెర ఎక్కువైంది. అవ్వ వంక పెట్టకుండా తాగింది.

తర్వాత ఆ బనీను తన దారి తాను వెతుక్కుంది. గల్ఫ్‌లో బాపుతో పనిచేసి వచ్చిన రాజంపేట స్నేహితుడు దాన్ని చూసి తనకూ కావాలన్నాడు. ఆయనను చూసి ఆయన బావ. అందరూ జేబు ఎడమ పక్కనే అడిగారు, అదే పద్ధతి అనుకుని. సాబ్ ఇప్పుడు పగలంతా ముందు గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. సుద్ద గీతలు ఇంకా కొంచెం వణుకుతాయి గానీ, ఆపా వాటిని తుడవడం మానేసింది. నేను కూడా రెండు కుర్తాలు కుట్టించుకున్నాను. బడిలో తోటి టీచర్లు కుట్టుపని తిప్పి చూసి, ఏ షాపు అని అడుగుతున్నారు. ఎల్లారెడ్డి మసీదు గల్లీ అంటే మొదట నమ్మరు.

పోయిన నెల డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి లింగంపేట పోయి, తాత బనీను ఒకటి అడగకుండా సంచిలో వేసుకుని వచ్చింది. జీన్స్ మీద తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, నిజం చెప్పాలంటే బాగానే ఉంది. తాతకు వీడియో కాల్ చేసి చూపించింది. బాపు ఫోనును దగ్గరికీ దూరానికీ జరుపుతూ చూశాడు.

"గది నా బనీను కదనే."

"అవును తాతా. ఇంత మెత్తగ ఏదీ లేదు. నాకు నీలం రంగుల రెండు కుట్టియ్యి."

"మరి నువ్వు గది ఏస్కొని కాలేజీ పోతవా?"

"పోత."

బాపు ఫోనులోకి ఇంకొంచెం వంగాడు. వెనక నుంచి అవ్వ నవ్వు వినిపిస్తోంది.

"అయితే ఇస్త్రీ చేసుకొని పో" అన్నాడు.